పూడిమడక రోడ్డులో ఒక కుట్టు ఖరీదు

అచ్యుతాపురం కూడలిలో సముద్రం వైపు తిరిగే దారిని పూడిమడక రోడ్డంటారు. ఆఖరి దాకా పోతే పూడిమడక వస్తుంది, చేపల వేట మీద బతికే ఊరు. ఈ దారిన రోజూ పోయే జనంలో చాలామంది మాత్రం ఆ ఊరు చూడరు. మధ్యలోనే, పొడవాటి ప్రహరీ గోడల దగ్గర దిగిపోతారు. తెల్లవారకముందే బస్సులు మొదలవుతాయి. నర్సీపట్నం వైపు నుంచి ఒకటి, యలమంచిలి నుంచి ఒకటి, పాయకరావుపేట నుంచి, గాజువాక నుంచి. కిటికీకి తల ఆనించి నిద్రపోతున్న ఆడపిల్లలు, మెడలో గుర్తింపు కార్డు, ఒళ్లో క్యారేజీ. బస్సు ఆగగానే కళ్లు నులుముకుని, జడ సర్దుకుని, గేటులోకి నడుస్తారు. పావుగంటలో రోడ్డు మళ్లీ ఖాళీ. టీ కొట్టువాడు గ్లాసులు కడుక్కుంటూ ఉంటాడు.

గోడల లోపల వెయ్యి ఎకరాల్లో ఉన్నది బట్టల ఊరు. బ్రాండిక్స్ ఇండియా అపెరల్ సిటీ అని దాని పేరు. ఊళ్లో అందరూ బ్రాండిక్స్ అంటారు, దూరప్పల్లెల్లో ‘కుట్టు కంపెనీ’ అని కూడా అంటారు. యజమాని శ్రీలంక సంస్థ. కుట్టేది అమెరికా, యూరప్ దుకాణాలకు, ఎక్కువగా లోదుస్తులు. పని చేసేవాళ్లు ఇరవై వేలకు అటూ ఇటూగా ఉంటారు. వాళ్లలో అత్యధికులు ఆడవాళ్లు.

అనకాపల్లి పేరు చెబితే బెల్లం గుర్తొచ్చే ప్రాంతమిది. అచ్యుతాపురం, రాంబిల్లి మండలాల్లో ఆడవాళ్లకు కూలి దొరికేది చెరకు తోటల్లోనో, వరి చేలల్లోనో, జీడి తోటల్లోనో. 2005లో ప్రత్యేక ఆర్థిక మండళ్ల చట్టం వచ్చింది. అలాంటి మండలి (సెజ్) కోసం ఊళ్లకు ఊళ్లు భూములు వదులుకుని పునరావాస కాలనీలకు తరలిపోయాయి. బట్టల ఊరిలో 60 వేల ఉద్యోగాలొస్తాయన్న మాట ఆ రోజుల్లో గట్టిగా వినిపించింది. వచ్చినవి అందులో మూడోవంతు. మూడోవంతైనా చిన్న సంఖ్య కాదు. చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయిన వేల మంది ఆడపిల్లలకు ఒకేచోట నెలజీతం ఇచ్చే పని ఉత్తరాంధ్రలో అంతకుముందు ఎక్కడుంది?

ఆ జీతం ఎంతో ఇక్కడ అందరికీ తెలుసు. అంతే ఎందుకు ఉందన్నదే నన్ను ఈ రోడ్డుకు తీసుకొచ్చిన ప్రశ్న. జవాబు వెతకడానికి ముందు కొలంబో దాకా వెళ్లాలి.

శ్రీలంక తలుపులు తెరిచింది 1977లో. మరుసటి ఏడాది కటునాయక విమానాశ్రయం పక్కన ఎగుమతుల మండలి వెలిసింది. అప్పట్లో ప్రపంచ బట్టల వ్యాపారం కోటాల మీద నడిచేది. 1974లో అమల్లోకి వచ్చిన బహుళ నూలు ఒప్పందం ప్రకారం ఏ దేశం నుంచి ఎన్ని చొక్కాలు రావచ్చో అమెరికా, యూరప్ దేశాలు లెక్క గట్టేవి. హాంకాంగ్, దక్షిణ కొరియాల కోటా నిండిపోతే వ్యాపారులు కోటా మిగిలి ఉన్న దేశాన్ని వెతుక్కుంటూ వెళ్లేవారు. అలా లంకకు పని వచ్చింది. పల్లెల నుంచి వేల మంది సింహళ యువతులు కటునాయక చుట్టూ అద్దె గదుల్లో చేరారు. 2005 జనవరి 1న కోటాలు పోయాయి. చిన్న దేశాలకున్న ఆ కాస్త రక్షణా పోయింది. అప్పటికి లంకలో కూలి రేట్లు పెరిగాయి, కుట్టడానికి కొత్తగా వచ్చే అమ్మాయిలు తగ్గారు. లంక కంపెనీలు రెండు పనులు చేశాయి. కష్టమైన, ఖరీదైన లోదుస్తుల పనిలో ఆరితేరాయి. మనుషులు ఎక్కువమంది కావలసిన పనిని సముద్రం ఇవతలికి పంపాయి. బ్రాండిక్స్ అచ్యుతాపురానికి వచ్చింది. దాని సాటి సంస్థ మాస్ నెల్లూరు జిల్లా చింతవరంలో ఫ్యాబ్రిక్ పార్కు పెట్టింది.

పనిని ఒడ్డు దాటించడం, ఆఫ్‌షోరింగ్, అనగానే మనకు అమెరికా నుంచి హైదరాబాద్ వచ్చిన కంప్యూటర్ పని తోస్తుంది. తెల్లవాళ్ల దేశం నుంచి మన దేశానికి ఒక్క గెంతు అనుకుంటాం. బట్టల పని అలా రాలేదు. ఒక్కో దేశంలో ఇరవై ముప్ఫై ఏళ్లు ఆగుతూ, అక్కడ కూలి కాస్త పెరగగానే లేచి, పక్క ఒడ్డుకు చేరుతూ వచ్చింది. నిన్న పని అందుకున్న దేశమే ఇవాళ పనిని పంపే దేశం. కొలంబో మేనేజర్లకు విశాఖ ఎంత దగ్గరైందో 2020లో బయటపడింది. కరోనా రోజుల్లో ఇక్కడ చిక్కుకున్న సిబ్బందిని బ్రాండిక్స్ ప్రత్యేక విమానాల్లో లంకకు తీసుకెళ్లింది. అక్టోబరులో మినువంగొడలోని దాని ఫ్యాక్టరీలో వందల కేసులు తేలేసరికి లంక పత్రికల్లో విశాఖపట్నం పేరు మారుమోగింది. ఆ విమానాలకూ ఈ కేసులకూ సంబంధం లేదని సంస్థ చెప్పింది. మినువంగొడలో జబ్బుపడ్డవాళ్లూ అద్దె గదుల్లో ఉండే కుట్టుపని అమ్మాయిలే.

అచ్యుతాపురంలో అలాంటి గది ఒకటి చూశాను. ఆదివారం మధ్యాహ్నం. రేకుల కప్పు, నలుగురు అమ్మాయిలు, గోడకు కట్టిన తాడు మీద నాలుగు రంగుల చున్నీలు, మూల గ్యాస్ పొయ్యి. ముగ్గురు ఊళ్లకు వెళ్లారు. మిగిలిన అమ్మాయిది నర్సీపట్నం అవతల ఊరు, వయసు ఇరవై నాలుగు. ఏ కంపెనీయో రాయొద్దంది, రాయను. ఇక్కడ కుట్టు కంపెనీ ఒక్కటే కాదు కాబట్టి మీరూ ఊహించొద్దు.

ఏం పని చేస్తావమ్మా అంటే మాటలతో చెప్పలేకపోయింది. లేచి తన చున్నీ తీసి, నేల మీద బాసింపట్టు వేసుకుని, చేతులతో చూపించింది. ఎడమ చేత్తో కట్ట నుంచి ఒక ముక్క లాగడం. కుడిచేత్తో ఎలాస్టిక్ కొస అందుకోవడం. రెండూ కలిపి ఓవర్‌లాక్ మెషీను పాదం కింద పెట్టడం. పెడలు తొక్కుతూ, ఎలాస్టిక్‌ను సమంగా సాగదీస్తూ, నడుం చుట్టూ తిప్పడం. ఎక్కువ లాగితే బట్ట ముడతలు పడుతుంది, తక్కువ లాగితే వదులవుతుంది. ఎంత లాగాలో వేళ్లకే తెలియాలి. మొదలు పెట్టిన చోటికి రాగానే దారం తెంపి పక్కకు నెట్టడం. అప్పటికే ఎడమచెయ్యి తరువాతి ముక్క మీద ఉంటుంది.

“ఇదే సార్. రోజంతా ఇదే. ఏటి సేత్తన్నావంటే ఏటి సెప్తాం?”

గడియారం చూశాను. చున్నీతో చేసిన ఆ పనికి ఇరవై నాలుగు సెకన్లు పట్టింది. మెషీను లేకుండా, ఎలాస్టిక్ లేకుండా, ఒట్టి చేతులతో కూడా ఆమె ఒళ్లు ఆ లెక్కలోనే కదిలింది.

ఇరవై నాలుగు సెకన్లంటే నిమిషంలో 0.40 వంతు. ఈ అంకెను కుట్టు కంపెనీల్లో ‘సామ్’ అంటారు, ఒక పనికి ఇవ్వదగిన ప్రామాణిక నిమిషాలు. ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ (ఐఈ) విభాగం వాళ్లు స్టాప్‌వాచీతోనో, చేతి కదలికల పట్టికలతోనో దాన్ని తేలుస్తారు. సామ్ 0.40 అయితే గంటకు 150 ముక్కలు. దాన్నే అమ్మాయిలు ‘టార్గెట్’ అంటారు. లైను చివర బోర్డు మీద అవరుకు ఎన్ని అయ్యాయో రాస్తారు. టార్గెట్ పడకపోతే సూపర్‌వైజర్ వచ్చి నెత్తి మీద నిలబడతాడు. చెకింగ్ టేబుల్ దగ్గర తప్పు పట్టుబడితే ముక్క ‘ఆల్టర్’కి వెనక్కి వస్తుంది. అది విప్పి మళ్లీ కుట్టిన సమయం ఏ లెక్కలోనూ ఉండదు. నీళ్లు తక్కువ తాగుతామని ఆ అమ్మాయి చాలా మామూలుగా చెప్పింది. తాగితే లేవాలి, లేస్తే కట్ట పేరుకుపోతుంది.

ఇప్పుడు జీతం లెక్క చూద్దాం. ఆమె చీటీలోని అంకె రాయను. లెక్క కుదరడానికి బేసిక్, డీఏ కలిపి నెలకు 12,000 అనుకుందాం. పీఎఫ్‌కు 12 శాతం, 1,440 పోతుంది. ఈఎస్‌ఐకి ముప్పాతిక శాతం, 90 పోతుంది. చేతికొచ్చేది 10,470. పన్నెండు వేలను ఇరవై ఆరు పనిదినాలతో భాగిస్తే రోజుకు సుమారు 461 రూపాయలు. టార్గెట్ పూర్తిగా పడితే ఎనిమిది గంటల్లో 1,200 ముక్కలు. అంటే ఒక ముక్కకు నడుం చుట్టూ ఎలాస్టిక్ వేసినందుకు ఆమెకు వచ్చేది 38 పైసలు. కత్తిరింపు నుంచి ప్యాకింగ్ దాకా ఒక్కో వస్తువు మీద చేతులు చాలా పడతాయి. ఒక్క బ్రాలోనే విడి భాగాలు ఇరవై పైచిలుకు ఉంటాయి. ఆ చేతులన్నీ కలిపి లెక్కేసినా తేలేది కొన్ని రూపాయలే.

యూరప్‌లో కూలీల పక్షాన పనిచేసే ఫెయిర్ వేర్ అనే సంస్థ ఒక టీషర్టును ఇలాగే విప్పి చూపింది. దుకాణంలో దాని ధర 29 యూరోలు. అందులో 17 యూరోలు దుకాణానికి, అద్దెలు, జీతాలు, లాభం, పన్నులతో కలిపి. బ్రాండు లాభం మూడున్నర యూరోల పైన. గుడ్డకు దాదాపు అంతే. రవాణాకు రెండు యూరోలకు కాస్త ఎక్కువ. ఫ్యాక్టరీ యజమానికి మిగిలేది ఒక యూరో, పదిహేను సెంట్లు. కుట్టిన మనిషి కూలి 18 సెంట్లు. నూటికి ఒక్కటి కూడా కాదు, అర్ధం దాటి కాస్త. ఆ కూలిని రెట్టింపు చేసినా దుకాణంలో ధర 29 నుంచి 29 యూరోల 18 సెంట్లవుతుంది. కొనేవాడు గమనించనైనా గమనించడు.

మరి ఎందుకు పెంచరు? చాలా ఏళ్లు నేను యజమాని దురాశ అనే జవాబుతో సరిపెట్టుకున్నాను. ఆ జవాబు ఇప్పుడు చాలదనిపిస్తుంది. ఆర్డరు ఇచ్చే కంపెనీ ఫ్యాక్టరీతో చొక్కా ధర బేరమాడదు, నిమిషం ధర బేరమాడుతుంది. ఈ వస్తువుకు ఇన్ని సామ్ నిమిషాలు, మీ దేశంలో నిమిషం ఎంత అని అడుగుతుంది. అదే నమూనా ఢాకాకూ, హోచిమిన్ సిటీకీ వెళ్తుంది. అక్కడి నిమిషం పక్కన ఇక్కడి నిమిషం పెట్టి చూస్తారు. ఒక ఫ్యాక్టరీ తనంతట తాను కూలి పెంచితే దాని నిమిషం ప్రియమవుతుంది. మరుసటి సీజన్‌కు ఆర్డరు పక్క ఒడ్డుకు పోతుంది. ఆర్డరుకు కాళ్లున్నాయి. నర్సీపట్నం అవతలి ఊరి అమ్మాయికి బస్సు తిరిగినంత మేరే ప్రపంచం. జీతం అక్కడ ఆగిపోవడానికి నాకు కనిపించే మొదటి కారణం ఇదే. మిగతావి దీని తర్వాత.

పుస్తకాల్లో వేరే మాట ఉంది. 1941లో స్టోల్పర్, శామ్యూల్‌సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఒక సూత్రం రాశారు. దాని సారం ఇది: కూలీలు ఎక్కువగా ఉన్న దేశం ప్రపంచంతో వ్యాపారానికి దిగితే అక్కడ కూలి పెరుగుతుంది, కూలీలు కరువైన దేశంలో తగ్గుతుంది. రెండో సగం చాలా మేరకు నిజమైంది. అమెరికాలో బట్టలు కుట్టేవాళ్లు 1990లో తొమ్మిది లక్షలకు పైగా ఉండేవారు, ఇప్పుడు లక్ష చుట్టుపక్కలకు దిగారు. చైనా సరుకు పోటీ వల్ల 1999 నుంచి 2011 మధ్య ఆ దేశంలో ఇరవై లక్షలకు పైగా ఉద్యోగాలు పోయాయని డేవిడ్ ఆటర్, ఆయన సహచరులు లెక్క కట్టారు. పని పోయిన ఊళ్లలో జనం వేరే ఊళ్లకూ పోలేదు, అంత జీతం వచ్చే వేరే పనీ వాళ్లకు దొరకలేదు. అక్కడా కదిలింది పనే, మనిషి మిగిలిపోయాడు.

సూత్రంలో మొదటి సగం, మన వైపు కూలి పెరుగుతుందన్నది, చైనాలో నిజమైంది. అక్కడ పనులు మనుషుల కంటే వేగంగా పెరిగాయి. మిగతా చోట్ల అంతగా ఫలించలేదు. బంగ్లాదేశ్‌లో 2013 ఏప్రిల్ 24న రానా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయారు. ఫ్యాక్టరీలు బాగు చేసుకోండని ప్రపంచమంతా చెప్పింది, అవీ చేసుకున్నాయి. ఆ తర్వాత ఐదేళ్లలో బ్రాండ్లు వాళ్లకిచ్చే ధర 13 శాతం తగ్గిందని అప్పటి పెన్ స్టేట్ యూనివర్సిటీ ఆచార్యుడు మార్క్ ఆనర్ తేల్చారు. ఖర్చు పెరిగింది, ధర తగ్గింది. నడుమ నలిగింది జీతం. 2023లో అక్కడి కార్మికులు నెలకు 23,000 టాకా అడుగుతూ రోడ్లెక్కారు, ప్రాణాలూ పోయాయి. ప్రభుత్వం ఖాయం చేసింది 12,500.

లంక సంగతి ఇంకా వింతగా జరిగింది. 2022లో ఆ దేశం దివాలా తీసినప్పుడు రెండు మూడు నెలల్లోనే డాలరు 200 లంక రూపాయల నుంచి 360కి చేరింది. కటునాయక అమ్మాయి జీతం కాగితం మీద అలాగే ఉంది. బియ్యం, కిరోసిన్ ధరలు ఆకాశాన్నంటాయి. కొనే కంపెనీ డాలర్లలో చూసుకుంటే మాత్రం లంక నిమిషం దాదాపు సగం ధరకు దొరికింది. ఒక దేశం కష్టం ఆ దేశపు చవక అయింది. ఇథియోపియా హవాసాలో 2016లో తెరిచిన పారిశ్రామిక పార్కులో మొదటి జీతం నెలకు 26 డాలర్లు. ప్రపంచంలోనే అతి తక్కువల్లో ఒకటి. ఆ చవకా దాన్ని కాపాడలేదు. అంతర్యుద్ధం కారణంగా 2022 జనవరి నుంచి అమెరికా సుంకం లేని ప్రవేశాన్ని తీసేసింది, పెద్ద పేర్లు అక్కడి నుంచి వెళ్లిపోయాయి.

ఇంత దూరం పోనక్కర్లేదు. బెంగుళూరు బట్టల కంపెనీలు మన హిందూపురం వైపు జరిగి వచ్చాయి. అనంతపురం, చిత్తూరు జిల్లాల ఆడవాళ్లు ఒకప్పుడు బెంగుళూరు వెళ్లి కుట్టేవారు, ఇప్పుడు కంపెనీయే వాళ్ల దగ్గరికి వస్తోంది. దగ్గర పని మంచిదే. కానీ ఆ జరగడంలో కూలి లెక్క లేదని ఎవరూ అనరు. కర్ణాటకలో 2020 ఏప్రిల్‌లో పెరగవలసిన కరువు భత్యం, నెలకు 417 రూపాయలు, నాలుగు లక్షల మంది బట్టల కార్మికులకు ఆగిపోయింది. 417 రూపాయలు. అది రాబట్టడానికి కోర్టూ, అమెరికాలోని కార్మిక హక్కుల సంస్థా, ఆఖరుకు బ్రాండ్లూ కదిలితే రెండేళ్లకు బకాయిలు చేతికొచ్చాయి. అదే బెంగుళూరులో 2016 ఏప్రిల్‌లో వేల మంది ఆడవాళ్లు పీఎఫ్ డబ్బు వెనక్కి తీసుకోవడం మీద కేంద్రం పెట్టిన ఆంక్షకు కోపం వచ్చి హోసూరు రోడ్డు మీద కూర్చున్నారు. పెద్ద నాయకులెవరూ పిలవలేదు. రెండో రోజు సాయంత్రానికి కేంద్రం ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకుంది. కుట్టు మెషీను ముందు కూర్చున్న ఆడవాళ్లకు లేచి నిలబడితే ఏమవుతుందో తెలిసిన అరుదైన రెండు రోజులవి.

ఈ తీరానికి బట్టల ఎగుమతి కొత్త కాదన్న సంగతి నాకు ఈ రోడ్డు మీద తిరిగినప్పుడల్లా గుర్తొస్తుంది. నరసాపురం పక్కన మాధవాయిపాలెం అని ఊరుంది. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ అక్కడ గిడ్డంగి పెట్టింది. ఆ ఊరి పేరే వాళ్ల నోట మడపొల్లం అయి, ఒక రకం తెల్ల గుడ్డకు పేరై, ప్రపంచమంతా తిరిగింది. ఇంజరంలో గిడ్డంగి, బందరులో గిడ్డంగి, భీమునిపట్నంలో డచ్చివాళ్లు. గోదావరి నుంచి శ్రీకాకుళం దాకా సాలెవాళ్ల మగ్గాలు ఆ ఓడల కోసం ఆడేవి.

ఆ నేతగాళ్ల కూలి గురించి చరిత్రకారుడు ప్రసన్నన్ పార్థసారథి రాసింది చదివి చాలా రోజులు అదే ఆలోచించాను. 18వ శతాబ్దం నడిమిదాకా దక్షిణాది నేతగాడి రాబడి, అది కొనిపెట్టే తిండి గింజల లెక్కన చూస్తే, ఇంగ్లండు నేతగాడికి తీసిపోయేది కాదంటాడాయన. కారణం మగ్గం గొప్పతనం ఒక్కటే కాదు. నేతగాడు బయానా తీసుకునేవాడు. ఇష్టం లేకపోతే ఆ బయానా తిరిగి ఇచ్చేసి ఇంకో వర్తకుడి దగ్గరికి పోయేవాడు. కొనేవాళ్లు చాలామంది: ఇంగ్లీషువాళ్లు, డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్లు, మన కోమట్లు, అరబ్బు వర్తకులు. కోపం వస్తే ఊరు ఊరంతా మగ్గాలు దించి పక్క రాజు సీమకు వలసపోయేవాళ్లు. రాజులు వాళ్లను బతిమాలి తెచ్చుకునేవారు. తర్వాత కంపెనీ పాలకురాలైంది. బయానా తిరిగివ్వడం కుదరదంది, వేరొకరికి నేస్తే నేరమంది. కొనేవాడొక్కడే మిగిలాడు. మాంచెస్టర్ మిల్లు గుడ్డ ఓడ దిగడానికి ముందే నేతగాడి చెయ్యి కట్టేశారు.

అప్పుడు నేతగాడికి కాళ్లుండేవి, కంపెనీ ఆ కాళ్లు విరిచి కూలి తగ్గించింది. ఇప్పుడు ఎవరి కాళ్లూ విరవనక్కర్లేదు. సరుకు కొనేవాడే ఎటంటే అటు నడుస్తాడు. రెండు చోట్లా కూలి తేలే తీరు నాకు ఒకేలా కనిపిస్తుంది.

ఇదంతా రాసి, ఈ పని ఇక్కడ లేకపోతే బాగుండునని మాత్రం అనను. అనే హక్కు నాకు లేదు. గదిలోని ఆ అమ్మాయి రెండు నెలల జీతం పోగేసి చెల్లెలికి నర్సింగు ఫీజు కట్టింది. పెళ్లి ఇప్పుడే వద్దని తండ్రితో చెప్పగలిగింది. ఆయన విన్నాడు, ఎందుకంటే ఇంటికి నెలనెలా డబ్బు పంపేది ఆమె ఒక్కతే. చెరకు నరికే కూలికి సీజనుంటుంది, దీనికి లేదు. బ్యాంకు ఖాతా ఆమె పేరున ఉంది, ఏటీఎం కార్డు ఆమె దగ్గరే ఉంది. ఈ మార్పు విలువ తెలియాలంటే ఆమె తల్లిని అడగాలి.

జీతం తక్కువన్న చోట భద్రతకూ తక్కువే దక్కుతుంది. 2022 జూన్‌లోనూ, మళ్లీ ఆగస్టు 2 రాత్రి కూడా ఈ బట్టల ఊరిలో ఏదో విషవాయువు పీల్చి వందకు పైగా ఆడవాళ్లు వాంతులతో, ఊపిరాడక ఆసుపత్రుల్లో చేరారు. మంచాలు చాలక ఒకే మంచం మీద ఇద్దరు పడుకున్నారు. ప్రభుత్వం ఆ యూనిట్‌ను కొన్నాళ్లు మూయించింది. మూసిన రోజుల జీతం ఏమవుతుందని ఆసుపత్రి మంచం మీద నుంచే అడిగినవాళ్లున్నారు. ఇదే సెజ్‌లో 2024 ఆగస్టు 21న ఒక మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. ఇక్కడ పనికి వచ్చే కుటుంబాల్లో మగవాళ్లు మందుల కంపెనీకీ, ఆడవాళ్లు కుట్టు కంపెనీకీ వెళ్తారు. ఒక్కో ఇంటికి రెండు వైపులా భయమే.

2025లో రెండు వార్తలు వెంట వెంట వచ్చాయి. జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం రోజు పని గరిష్ఠ పరిమితిని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచాలని నిర్ణయించింది. పెట్టుబడులు రావడానికన్నారు. ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. లంకకు, బంగ్లాదేశ్‌కు అప్పుడు 20 శాతమే. ఒకే యజమానికి రెండు ఒడ్లలోనూ ఫ్యాక్టరీలున్నప్పుడు ఆ తేడాకు అర్థం ఏమిటో లైనులో కూర్చున్న పిల్లకు కూడా తెలుసు. ఆ అంకెలు తర్వాతా నిలకడగా లేవు. ఇక్కడివాళ్లు వాషింగ్టన్ వార్తలు వాట్సాప్‌లో చూసి, వచ్చే నెల ఓటీ (ఓవర్‌టైం) ఉంటుందా ఉండదా అని మాట్లాడుకుంటారు. చట్టం ప్రకారం ఓటీకి రెట్టింపు జీతం ఇవ్వాలి. ఇంటికి పంపే డబ్బు చాలాసార్లు ఆ ఓటీలోంచే వస్తుంది. పది గంటలు మామూలు పనివేళలైపోతే ఓటీ అని దేన్నంటారో, ఆ అమ్మాయి అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

వెళ్లే ముందు 29 యూరోల టీషర్టు సంగతి చెప్పాను. కాగితం మీద గీతలు గీసి, ఇది దుకాణానికి, ఇది బ్రాండుకు, ఇది గుడ్డకు అంటూ చూపించాను. ఆమె శ్రద్ధగా చూసింది. కుట్టిన మనిషి వాటా దగ్గర వేలు పెట్టి కాసేపు అలాగే ఉంది. తర్వాత అడిగింది.

“ఆ చొక్కా మన డబ్బుల్లో ఎంతవుద్ది సార్?”

దగ్గర దగ్గర మూడు వేలన్నాను.

“మా గది అద్దె,” అంది.

అద్దె నలుగురూ పంచుకుంటారు. బయట కుళాయి దగ్గర బిందెల చప్పుడు మొదలైంది. ఆదివారం నీళ్లు అరగంటే వదులుతారట. మిగతా ముగ్గురికీ కలిపి పట్టాలని రెండు చేతులా బకెట్లు తీసుకుని వెళ్లింది.